ఫైరెక్సియన్లా, ఎల్డ్రాజీలా? కార్డు చేతిలో పట్టుకుని ముఠా గుర్తుపట్టడం ఎలా?

కృష్ణలంక_కార్డులు · శనివారం రాత్రి 8:40

అందరికీ నమస్కారం. వచ్చే ఆదివారం బ్రాడీపేటలో కూర్చునే కమాండర్ ఆటకి (ఒక నాయక కార్డు చుట్టూ డెక్ కట్టే మ్యాజిక్ కార్డుల ఆట) రెండు డెక్కులు కడుతున్నాను. ఒకటి పూర్తిగా ఫైరెక్సియన్లతో, ఇంకోటి పూర్తిగా ఎల్డ్రాజీలతో. కథ తెలిసినవాళ్లు చూసినా "ఈ కార్డు ఇందులో ఎందుకుంది" అనకూడదు. కార్డులన్నీ ఒకే అట్టపెట్టెలో కలిసి ఉన్నాయి. పేరులోనే ఫైరెక్సియన్ అనో, ఊలమోగ్ అనో ఉంటే సులువే. లేనివాటితోనే చిక్కు.

మూడు సందేహాలు. రెండు విలన్ ముఠాల్లోనూ రంగులేని పెద్ద పెద్ద జీవులున్నాయి, ఏది ఎటు? ఎల్డ్రిచ్ మూన్ సెట్‌లో మనుషులకి, తోడేళ్లకి టెంటకిల్స్ మొలిచిన కార్డులున్నాయి. అది ఫైరెక్సియా వాళ్లు చేసే కంప్లీషనేనా? స్లివర్లనే జీవులు ఎవరి పక్షం?

మంగళగిరి_మనా · 9:05

తమ్ముడూ, బొమ్మతో మొదలుపెడితే దారి తప్పుతావు. రెండు వైపులా వికారమైన ఒళ్లే, అదనపు చేతులే. దాడి అయిపోయాక అక్కడ ఏం మిగిలిందో చూడు.

మిరపతోటకి బొబ్బర తెగులు వస్తే మొక్క చావదు. వేరు అక్కడే, కాండం అక్కడే. ఆకు ముడుచుకుపోతుంది, మొక్క ఇంకొకటిగా మారుతుంది. తెల్లదోమ దాన్ని పక్క మొక్కకి మోస్తుంది. ఫైరెక్సియా అంటే అది. వాళ్ల తెల్లదోమ గ్లిసెనింగ్ ఆయిల్ అనే నల్లటి నూనె. ఒంట్లోకి చేరితే మాంసం లోహంతో కలుస్తుంది, మనసు కూడా ఫైరెక్సియాకి లొంగిపోతుంది. ఆ మార్పు పూర్తయితే దాన్ని కంప్లీషన్ అంటారు. నువ్వు మిగులుతావు, కానీ వాళ్లవాడిగా.

అదే తోట మీద మిడతల దండు వాలితే? నిన్ను తనలో కలుపుకోవాలని మిడతకి లేదు. తింటుంది, పోతుంది. ఎల్డ్రాజీలు అటువంటివాళ్లు. ఊలమోగ్ సంతతి నడిచిన నేల సున్నంపిండిలాంటి తెల్లటి ధూళి అయిపోతుంది. కోజిలెక్ సంతతి వెళ్లిన చోట నేల, రాయి చతురస్రపు మెట్లుగా, బిస్మత్ స్ఫటికంలా రంగులు తిరిగి గడ్డకడతాయి. వాళ్లకి మతం లేదు, రాజ్యం లేదు, మనతో బేరం లేదు.

నీ రెండో ప్రశ్నలో ఉన్నది ఎమ్రకూల్. ఎల్డ్రాజీల్లో పెద్దవాళ్లైన మూడు టైటన్లలో (ఊలమోగ్, కోజిలెక్, ఎమ్రకూల్) ఆవిడ ఒక్కతే ఒంటిని మార్చేది, అందుకే అందరూ అక్కడ పొరబడతారు. అది కంప్లీషన్ కాదు. ఎల్డ్రిచ్ మూన్ కథ జరిగే ఇన్నిస్ట్రాడ్ లోకపు మనుషుల్ని ఎవరూ లోహంతో కుట్టలేదు, ఏ నూనే పొయ్యలేదు. ఆవిడ దగ్గరికి రావడంతోనే మాంసం జల్లెడలా అల్లుకుపోయి, వేళ్లు, చేతులు ఒకదానిలో ఒకటి అతుక్కుపోయాయి.

పటమట_పాతకార్డులు · 9:31

మనా గారు చెప్పినదానికి చరిత్ర జోడిస్తాను. ఫైరెక్సియా ఒకటి కాదు, రెండు. ఇది తెలియకపోతే పాత కార్డులు సర్దడం కుదరదు.

పాత ఫైరెక్సియా పేరు 1994లో వచ్చిన యాంటిక్విటీస్‌లోనే కనిపిస్తుంది. గేట్ టు ఫైరెక్సియా, ఫైరెక్సియన్ గ్రెమ్లిన్స్, ప్రీస్ట్ ఆఫ్ యాగ్‌మాత్ ఆ సెట్‌వే. దాని దేవుడు యాగ్‌మాత్. ఒకదానిలో ఒకటి ఇమిడిన తొమ్మిది గోళాల లోకం అది. అప్పట్లో ముఠా ఎక్కువగా నలుపే. ఉర్జా అనే మాంత్రికుడి కథంతా వాళ్లతో పోరే. 2000లో ఇన్వేజన్, 2001లో ప్లేన్‌షిఫ్ట్, అపోకలిప్స్ సెట్లతో ఆ యుద్ధం డొమినేరియా లోకం మీద ముగిసింది, యాగ్‌మాత్ పోయాడు.

కానీ మన రక్తబీజుడి కథ ఉంది కదా, నేల మీద పడిన ప్రతి రక్తపు బొట్టూ ఇంకో రాక్షసుడైనట్టు, ఆ నూనె కూడా అంతే. కార్న్ అనే వెండి బొమ్మమనిషి తయారుచేసుకున్న లోహలోకానికి అతనితోపాటే నూనె చేరింది. అతను కాపలాకి పెట్టిన మెమ్నార్క్‌కి అంటింది. ఆ లోకమే మిరోడిన్. 2010లో స్కార్స్ ఆఫ్ మిరోడిన్ వచ్చేసరికి తెగులు బయటపడింది, 2011 మేలో మూడో సెట్ వచ్చేసరికి లోకం పేరే మారిపోయింది. ఆ మూడో సెట్‌కి ముందు రెండు పేర్లు ప్రకటించారు, మిరోడిన్ ప్యూర్ అని ఒకటి, న్యూ ఫైరెక్సియా అని ఒకటి. ఎవరు గెలిచారో సెట్ రావడానికి కొద్దిగా ముందుగానీ తెలియలేదు. కథ చెప్పడంలో వాళ్లు చేసిన అతి మంచి పని అదేనని నా నమ్మకం.

కొత్త ఫైరెక్సియాకి ఒక దేవుడు లేడు. అయిదు రంగులకి అయిదుగురు ప్రేటర్లు, అంటే నాయకులు. తెలుపు ఎలెష్ నార్న్, నీలం జిన్-గిటాక్సియస్, నలుపు షియోల్‌డ్రెడ్, ఎరుపు యురాబ్రాస్క్, ఆకుపచ్చ వోరింక్లెక్స్. "పరిపూర్ణత" అనే ఒక్క మాటకి అయిదుగురూ అయిదు అర్థాలు చెబుతారు. నార్న్‌కి అది మతం, గిటాక్సియస్‌కి ప్రయోగం, వోరింక్లెక్స్‌కి బలమున్నదే బతకడం. ఎల్డ్రాజీల్లో ఇటువంటి వాదన వెతికినా దొరకదు.

కృష్ణలంక_కార్డులు · 9:44

అన్నా, తెగులు, మిడతల పోలికతో చాలావరకు తేలింది. కానీ ఎల్డ్రిచ్ మూన్ కార్డు చేతిలో పట్టుకుంటే కథ గుర్తురాకపోయినా తేల్చుకునే గుర్తు ఏదైనా ఉందా? రెండు వైపుల కార్డులు మార్చ్ ఆఫ్ ది మెషీన్‌లో కూడా ఉన్నాయి. ముందువైపు మామూలు జీవి, వెనకవైపు వికారం.

అరండల్‌పేట_అక్క · 10:02

ఉంది. రంగు చూడు.

కెసిగ్ ప్రౌలర్ తీసుకో. ముందువైపు ఆకుపచ్చ తోడేలు, 2/1 (బలం 2, ఓర్పు 1). తిప్పితే సైన్యువస్ ప్రెడేటర్, 4/4, రంగు లేదు, టైప్ గీతలో (కార్డు రకం రాసిన గీత) ఎల్డ్రాజీ వేర్‌వుల్ఫ్ అని ఉంటుంది. ఎమ్రకూల్ తాకినదానికి రంగు పోతుంది.

ఇప్పుడు మార్చ్ ఆఫ్ ది మెషీన్‌లో హీలియడ్ తీసుకో. ముందువైపు తెలుపు. తిప్పడానికి మూడు మనా (ఖరీదు కట్టే శక్తి), ఒక నీలం ఫైరెక్సియన్ మనా (రంగు మనా బదులు రెండు ప్రాణాలు కట్టినా చెల్లేది) కట్టాలి. వెనకవైపు తెలుపూ నీలం రెండూ, టైప్ గీతలో ఫైరెక్సియన్ గాడ్. అయారా అలాగే నలుపు నుంచి నలుపు-ఎరుపు అవుతుంది. ఫైరెక్సియా తాకినదానికి ఇంకో రంగు చేరుతుంది. ఏ ప్రేటర్ కిందికి వెళ్లిందో ఆ కొత్త రంగే చెబుతుంది.

రంగు పోతే ఎల్డ్రాజీ, రంగు చేరితే ఫైరెక్సియా. రెండు వైపుల కార్డులకి ఈ ఒక్క గుర్తు సరిపోతుంది, కథతో కూడా పొందుతుంది. ఒకరు నీలో ఉన్నదాన్ని చెరిపేస్తారు, ఇంకొకరు తమది నీలోకి ఎక్కిస్తారు.

మెల్డ్ (రెండు కార్డులు కలిసి ఒకటవడం) చూసి మాత్రం తేల్చకు. గిసెలా, బ్రూనా కలిస్తే వచ్చే బ్రిసెలా ఎల్డ్రాజీ ఏంజెల్, అది ఎల్డ్రిచ్ మూన్. 2022లో ద బ్రదర్స్ వార్‌లో మిష్రా, ఫైరెక్సియన్ డ్రాగన్ ఇంజన్ కలిసి మిష్రా, లాస్ట్ టు ఫైరెక్సియా అవుతాయి. రెండు ముఠాలూ మెల్డ్ వాడుకున్నాయి.

బెంజ్‌సర్కిల్_బ్లూ · 10:20

అక్క చెప్పినది రెండు వైపుల కార్డులకే వర్తిస్తుంది, అది గట్టిగా రాసిపెట్టుకోండి. ఒంటివైపు కార్డుల్లో "రంగు లేదు కాబట్టి ఎల్డ్రాజీ" అంటే రెండు చోట్ల దెబ్బతింటారు.

మొదటిది, రంగులేని ఫైరెక్సియన్లు. వర్మ్‌కాయిల్ ఇంజన్ 6 మనాకి 6/6. బ్లైట్‌స్టీల్ కొలోసస్ 12 మనాకి 11/11. రెండూ రంగులేనివే, రెండూ ఫైరెక్సియన్లే. అయితే రెండూ ఆర్టిఫాక్టులు, అంటే యంత్రం, వస్తువు రకం కార్డులు. టైటన్లు, వాళ్ల డ్రోన్లు ఆర్టిఫాక్టులు కావు, వాటిలో లోహం లేదు. రంగులేని జీవి కనిపిస్తే ముందు టైప్ గీతలో ఆర్టిఫాక్ట్ అనే మాట వెతకండి.

రెండోది, రంగున్న ఎల్డ్రాజీలు. 2010 ఏప్రిల్‌లో వచ్చిన రైజ్ ఆఫ్ ది ఎల్డ్రాజీలో చిన్న డ్రోన్లకి రంగుంది. ఎమ్రకూల్స్ హ్యాచర్ ఎరుపు, నెస్ట్ ఇన్వేడర్ ఆకుపచ్చ. రెండూ నిజమైన ఎల్డ్రాజీ డ్రోన్లే. రంగు మనాతో వేసినా కార్డు రంగులేనిదిగా లెక్కించే డెవాయిడ్ 2015లో బ్యాటిల్ ఫర్ జెండికార్‌తోగానీ రాలేదు.

ఇది బల్ల మీద కూడా తేడా తెస్తుంది. ఆల్ ఈజ్ డస్ట్ పడితే రంగున్నవన్నీ త్యాగం చేయాలి. డెవాయిడ్ డ్రోన్లు నిలబడతాయి, నెస్ట్ ఇన్వేడర్ పోతుంది. చాలామంది అన్ని ఎల్డ్రాజీలూ క్షేమమనుకుని వేసి సొంత సైన్యాన్నే తీసేసుకుంటారు.

కృష్ణలంక_కార్డులు · 10:33

డెవాయిడ్ కార్డులు రంగులేనివే అయితే వాటన్నిటినీ కోజిలెక్, ద గ్రేట్ డిస్టార్షన్ కమాండర్‌గా ఉన్న డెక్‌లో పెట్టేయొచ్చు కదా? నా లిస్టులో 22 ఉన్నాయి.

అరండల్‌పేట_అక్క · 10:41

పెట్టకూడదు. ఇది చాలామంది పొరబడే చోటు. కమాండర్‌లో చూసేది కార్డు రంగు కాదు, కలర్ ఐడెంటిటీ. మనా ఖరీదులో, కింది రాతలో ఎక్కడ రంగు గుర్తు కనిపించినా అది లెక్కే. డెవాయిడ్ అని రాసినా ఖరీదులో నీలం చుక్క ఉంటే ఐడెంటిటీ నీలం. కోజిలెక్ ఐడెంటిటీ శూన్యం. ఆ 22లో రంగు గుర్తు ఉన్నవన్నీ బయటికే.

వజ్రం ఆకారపు గుర్తు మాత్రం రంగు కాదు. 2016 జనవరిలో ఓత్ ఆఫ్ ది గేట్‌వాచ్‌తో వచ్చింది. థాట్-నాట్ సీర్ ఖరీదు మూడూ ఒక వజ్రం, దాన్ని ఏ డెక్‌లోనైనా పెట్టొచ్చు. కానీ ఆ వజ్రానికి రంగులేని మనాయే కట్టాలి. అయిలాండ్ అనే భూమి నుంచి వచ్చే నీలం మనా మామూలు అంకెకి చెల్లుతుంది, వజ్రానికి చెల్లదు. మూడు రంగుల డెక్‌లో సీర్ పెట్టి రంగులేని మనా ఇచ్చే భూములు రెండే వేస్తే అది చేతిలోనే ఉండిపోతుంది.

కోజిలెక్‌తోనే కడితే బేసిక్ భూమిగా వేస్ట్స్ తప్ప గతిలేదు. అదీ అదే సెట్‌ది. బేసిక్ కాబట్టి ఎన్నైనా వేసుకోవచ్చు. డెవాయిడ్లు వదులుకోవడం బాధనిపిస్తే 2024లో మోడర్న్ హొరైజన్స్ 3తో వచ్చిన కమాండర్ డెక్‌లోని ఊలాలెక్, ఫ్యూజ్డ్ అట్రాసిటీని కమాండర్‌గా పెట్టు. అయిదు రంగుల ఐడెంటిటీ, 22 లోపలికి వస్తాయి. కథపరంగా కూడా చక్కగా సరిపోతుంది.

పటమట_పాతకార్డులు · 11:02

ఫైరెక్సియన్ డెక్‌కి అట్రాక్సా, ప్రేటర్స్ వాయిస్ పెడుతున్నావనుకుంటా. ఆవిడ నాలుగు రంగులు, ఎరుపు లేదు. దీనికి కథలోనే కారణముంది. ఆవిణ్ణి తయారుచేయడంలో నలుగురు ప్రేటర్లు చేయి వేశారు, యురాబ్రాస్క్ వేయలేదు. అతను మొదటినుంచీ మిగతావాళ్లకి దూరం. 2022లో వచ్చిన కార్డుకి పేరే యురాబ్రాస్క్, హెరెటిక్ ప్రేటర్. ముఠాలోనే తిరుగుబాటుదారు ఉండటం ఫైరెక్సియాకే చెల్లింది.

అందుచేత ఎరుపు ఫైరెక్సియన్ మనా గుర్తు ఉన్న కార్డులు అట్రాక్సాతో పనికిరావు. "రెండు ప్రాణాలు కట్టి వేస్తాం కదా, ఎరుపు మనా అక్కర్లేదు కదా" అంటారు. కట్టే తీరు వేరు, గుర్తు వేరు. గుర్తు ఎరుపే. అలాగే గిటాక్సియన్ ప్రోబ్‌ని ప్రాణాలు కట్టి ఉచితంగా వేసినా అది నీలం కార్డే.

ఉండవల్లి_గుహ · ఆదివారం ఉదయం 7:15

ఒక చిన్న అభ్యంతరం. ప్రశ్నలో రెండింటినీ విలన్ ముఠాలు అన్నారు. ఎల్డ్రాజీల్ని విలన్లు అనడం నాకు మింగుడుపడదు. విలన్ అంటే కోరిక ఉండాలి. నార్న్‌కి ఉంది, అన్ని లోకాలూ ఒక్కటి కావాలని. యాగ్‌మాత్‌కి ఉంది. ఉప్పెనకి కోరిక ఏముంటుంది? టైటన్లు పుట్టింది ఏ లోకంలోనూ కాదు, లోకాల మధ్య శూన్యమైన బ్లైండ్ ఎటర్నిటీస్‌లో. మనం చూసేది వాళ్లలో లోకంలోకి చొచ్చుకొచ్చిన కొంత భాగమే.

జెండికార్ లోకం వాళ్లకే అది అర్థం కాలేదు. సోరిన్, ఊగిన్, నహీరి అనే ముగ్గురు ప్లేన్స్‌వాకర్లు (లోకం నుంచి లోకానికి వెళ్లగలవాళ్లు) కలిసి వేల ఏళ్లక్రితం హెడ్రాన్ రాళ్లతో టైటన్లని అక్కడ బంధించారు. తరాలు గడిచేసరికి బందీల జ్ఞాపకం దేవుళ్ల కథగా మారింది. మెర్‌ఫోక్ కొలిచే ఎమీరియా, ఊలా, కోసీ ఎవరనుకున్నారు? ఎమ్రకూల్, ఊలమోగ్, కోజిలెక్. 2009 అక్టోబర్‌లో మొదటి జెండికార్ సెట్‌లో ఆ దేవుళ్ల పేర్లు మామూలుగా వచ్చాయి, మూడో సెట్‌లో నిజం బయటపడింది. పెట్టెలో ఎమీరియా పేరున్న కార్డు దొరికితే టైప్ ప్రకారం ఎల్డ్రాజీ కాదు, కథ ప్రకారం ఆవిడ నీడే.

మంగళగిరి_మనా · 7:50

గుహ గారూ, ఊలమోగ్, కోజిలెక్ విషయంలో మీ మాట ఒప్పుకుంటాను. ఎమ్రకూల్ విషయంలో ఒప్పుకోను. 2016లో గేట్‌వాచ్ అనే ప్లేన్స్‌వాకర్ల దళం వాళ్లు జెండికార్ భూశక్తిని లాగి, వాళ్లలో చాండ్రా మంటతో ఊలమోగ్‌నీ కోజిలెక్‌నీ కాల్చేశారు. అవి అడవి మృగాల్లా పోయాయి. ఎమ్రకూల్‌ని మాత్రం నహీరి సోరిన్ మీద పగతో ఇన్నిస్ట్రాడ్‌కి రప్పించింది, చివరికి వెండి చంద్రుడిలో బంధించారు. ఆ బంధనానికి తమియో అనే ప్లేన్స్‌వాకర్ చేతిని నడిపింది ఎమ్రకూలే. తనే లోపలికి వెళ్లింది, ఇది తన కాలం కాదన్నట్టు. ఉప్పెన అలా చేయదు. కోరిక ఉంది, మనకి అందే కోరిక కాదంతే.

ఇంకో సంగతి, పగ నహీరిది. ఎల్డ్రాజీ కథల్లో విలన్ పని చేసేది ఎప్పుడూ మనిషో, ప్లేన్స్‌వాకరో. కోజిలెక్‌ని మళ్లీ లేపింది ఓబ్ నిక్సిలిస్. ఫైరెక్సియా కథల్లో అలా ఎవరూ లేపక్కర్లేదు, వాళ్లే తలుపు తడతారు.

ఉండవల్లి_గుహ · 8:04

తమియో సంగతి మీరు గుర్తుచేసింది న్యాయమే. ఎమ్రకూల్‌ని ఆ లెక్కలోంచి తీసేస్తాను, మిగతా ఇద్దరి మీద నా మాట నాదే.

అదే తమియో 2022లో కమిగావాలో ఫైరెక్సియాకి చిక్కి, కంప్లీట్ అయిన మొదటి ప్లేన్స్‌వాకర్ అయింది. రెండు ముఠాలూ తాకిన మనిషి. ఎమ్రకూల్ ఆవిడని కాసేపు వాడుకుని వదిలేసింది. ఫైరెక్సియా వదల్లేదు. ఇద్దరి తేడా ఆ ఒక్క పాత్రలోనే కనిపిస్తుంది.

బెంజ్‌సర్కిల్_బ్లూ · 9:10

కథ నుంచి బల్ల దగ్గరికి వద్దాం. కీవర్డ్ చూసి ముఠా పట్టడం గురించి.

అనైహిలేటర్ ఉంటే ఎల్డ్రాజీ, దాదాపు అనుమానం లేదు. దాడికి దిగగానే ఎదుటివాడు దాని పక్కన ఎంత అంకె ఉంటే అన్ని పర్మనెంట్లు (బల్ల మీదున్న తన కార్డులు) త్యాగం చేయాలి. దెబ్బ కాదు, త్యాగం. ఇండిస్ట్రక్టిబుల్ (నాశనం కాని గుణం) కాపాడదు, ఏది పోవాలో ఎదుటివాడే ఎంచుకుంటాడు. ఎమ్రకూల్, ది ఏయాన్స్ టోర్న్‌కి అది 6, పాత ఊలమోగ్, కోజిలెక్‌లకి 4. ఊలమోగ్ మిగిల్చే ధూళిని నియమంగా రాస్తే ఇలాగే ఉంటుంది.

విషపు కౌంటర్లు మాత్రం ఫైరెక్సియా సొంతం కాదు. 1994 లెజెండ్స్‌లో పిట్ స్కార్పియన్‌కే విషముంది. వాటిని వాళ్లు తమవిగా చేసుకున్నారు. పదికి చేరితే ఆట పోయినట్టే, కమాండర్‌లో 40 ప్రాణాలున్నా పదే. ఇన్‌ఫెక్ట్, టాక్సిక్ ఒకటి కావు, ఇక్కడే లెక్క తప్పుతారు. ఇన్‌ఫెక్ట్ జీవి ఆటగాడిని కొడితే ప్రాణం తగ్గదు, దెబ్బ మొత్తం విషంగా మారుతుంది. జీవిని కొడితే మైనస్ ఒకటి కౌంటర్లు. బలం పెంచితే విషమూ పెరుగుతుంది. 2023 నాటి టాక్సిక్ అలా కాదు. యుద్ధంలో తగిలితే ప్రాణమూ తగ్గుతుంది, దానికితోడు రాసిన అంకె మేరకే విషం. టాక్సిక్ 1 జీవికి బలం పది పెంచినా విషం ఒక్కటే. ఇన్‌ఫెక్ట్ డెక్‌లో పనిచేసే బలం పెంచే కార్డులని టాక్సిక్ డెక్‌లోకి తెచ్చి నింపకు.

ప్రొలిఫరేట్ (ఉన్న కౌంటర్లని ఇంకొకటి పెంచడం) కనిపించగానే ఫైరెక్సియా అనుకోకు. 2019లో వార్ ఆఫ్ ది స్పార్క్‌లోనూ ఉంది, ఆ సెట్ విలన్ నికోల్ బోలస్.

లివింగ్ వెపన్ అంటే ఫైరెక్సియా. బ్యాటర్‌స్కల్ వస్తే దాన్ని మోసే 0/0 జెర్మ్ పుడుతుంది. "ఫర్ మిరోడిన్!" అని ఉంటే వ్యతిరేక పక్షం. అక్కడ ఆయుధం పట్టేది ఎర్రటి 2/2 రెబెల్, మిరోడిన్‌ని కాపాడుకునేవాడు. ఫైరెక్సియా: ఆల్ విల్ బీ వన్ సెట్‌లో దొరికింది కదా అని వాణ్ణి ఫైరెక్సియన్ల పక్కన పెడితే కథ తలకిందులవుతుంది.

పటమట_పాతకార్డులు · 9:38

స్కార్స్, మిరోడిన్ బిసీజ్డ్, న్యూ ఫైరెక్సియా సెట్ల కార్డులకైతే ఇంకా సులువు. రాత వెనక లేతగా వాటర్‌మార్క్ ఉంటుంది, మిరాన్ వాళ్లదో (మిరోడిన్ పక్షం) ఫైరెక్సియా వాళ్లదో. ఫైరెక్సియా గుర్తు వలయాన్ని నిలువు గీత చీల్చినట్టుంటుంది. వెలుతురులో వంచి చూడు.

2021కి ముందు అచ్చైన జీవులకి టైప్ గీతలో ఫైరెక్సియన్ అన్న మాట ఉండదు. ఆ ఏడాది కాల్‌డ్‌హైమ్‌లో వోరింక్లెక్స్‌తో ఆ టైప్ మొదలై, తర్వాత పాతవాటికి కూడా వర్తింపజేశారు. 2011 ఎలెష్ నార్న్ కార్డు మీద ప్రేటర్ అని మాత్రమే ఉన్నా ఇప్పటి లెక్క ప్రకారం ఫైరెక్సియన్ ప్రేటర్. అచ్చు మాట కాకుండా స్క్రైఫాల్ అనే కార్డులు వెతికే సైట్‌లో టైప్ గడిలో ఫైరెక్సియన్ పెట్టి వెతికి, దానితో పెట్టె సరిచూసుకో. ఫైరెక్సియన్ అరీనాలాంటి ఎన్‌చాంట్‌మెంట్లు ఆ వెతుకులాటలో రావు, వాటికి పేరే ఆధారం.

స్లివర్లు రెండిట్లో ఏదీ కాదు. 1997 టెంపెస్ట్‌లో రాత్ అనే లోకంలో కనిపించాయి. రాత్ ఫైరెక్సియా కట్టించిన లోకం, దాన్ని ఏలిన వోల్‌రాత్ వాళ్ల మనిషి, అందుకే ఈ గందరగోళం. స్లివర్లు మాత్రం తమ పుట్టకి తప్ప ఎవరికీ కట్టుబడని జాతి. పక్కన పెట్టెయ్.

కృష్ణలంక_కార్డులు · 10:15

చాలావరకు సర్దేశాను. బ్లైట్‌స్టీల్, ఎమ్రకూల్ రెండూ చచ్చాక లైబ్రరీలోకి (ఇంకా తీయని కార్డుల కట్ట) కలిసిపోతాయి కదా. రెండూ ఒకే నియమమా? ఏయాన్స్ టోర్న్ ఎలాగూ కమాండర్‌లో నిషేధం, ఇది ఇంటి ఆటకి అడుగుతున్నాను.

బెంజ్‌సర్కిల్_బ్లూ · 10:29

ఒకటి కాదు. బ్లైట్‌స్టీల్ అసలు గ్రేవ్‌యార్డ్‌లో (చచ్చిన, వాడేసిన కార్డుల కుప్ప) అడుగే పెట్టదు. పడబోయేదే చూపించి లైబ్రరీలో కలిపేస్తారు, మధ్యలో ఎవరికీ అవకాశం లేదు. ఎమ్రకూల్ గ్రేవ్‌యార్డ్‌లో పడుతుంది, పడ్డాక ట్రిగ్గర్ (తనంతట మొదలయ్యే ప్రభావం) వస్తుంది, అప్పుడు మొత్తం గ్రేవ్‌యార్డ్ లైబ్రరీలో కలుస్తుంది. ఆ ట్రిగ్గర్ స్టాక్ మీద (ఇంకా అమలు కాని వరసలో) ఉండగా గోర్యోస్ వెంజన్స్‌లాంటి, మధ్యలో వేయగల ఇన్‌స్టంట్‌తో ఆవిణ్ణి పైకి లేపొచ్చు. సోర్సరీతో కుదరదు. లేపితే అదనపు టర్న్ రాదు, అది క్యాస్ట్ చేస్తేనే (చేతిలోంచి ఖరీదు కట్టి వేసినట్టు). క్యాస్ట్ చేశాక మాత్రం ఆ ట్రిగ్గర్ విడిగా నిలబడుతుంది. పాత కోజిలెక్‌ని కౌంటర్ చేసినా (వేస్తుండగానే అడ్డుకున్నా) వేసినవాడికి నాలుగు కార్డులు వచ్చితీరతాయి.

తీసేయడం కూడా వేరు. బ్లైట్‌స్టీల్‌ని స్వోర్డ్స్ టు ప్లౌషేర్స్‌తో ఎగ్జైల్ చేయొచ్చు (ఆటలోంచే తీసేయొచ్చు), ఎదుటివాడికి 11 ప్రాణాలొస్తాయి. ఏయాన్స్ టోర్న్‌ని రంగున్న స్పెల్‌తో గురిపెట్టలేం. ఆబ్లివియన్ రింగ్ పనిచేస్తుంది, ఎందుకంటే గురిపెట్టేది స్పెల్ కాదు, బల్ల మీదున్న కార్డు ట్రిగ్గర్. వ్రాత్ ఆఫ్ గాడ్ కూడా చెల్లుతుంది, అది ఎవరినీ గురిపెట్టదు, ఆవిడకి ఇండిస్ట్రక్టిబుల్ లేదు.

అరండల్‌పేట_అక్క · 10:48

రెండు వైపుల కార్డులకి వెనక కనిపించని స్లీవ్ తప్పనిసరి, లేకపోతే లైబ్రరీలో ఏది పైనుందో అందరికీ తెలిసిపోతుంది. మెల్డ్ జత రెండూ ఒకే రకం స్లీవ్‌లో ఉండాలి. కలిసినప్పుడు బయటికి తీసి వెనకలు ఒకదాని పక్కన ఒకటి పెట్టాలి, సగం బొమ్మ ఒకదానిమీద, సగం ఇంకోదానిమీద ఉంటుంది.

ఫాయిల్ కార్డులుంటే ఇప్పుడే విడిగా తీసిపెట్టు. మన కృష్ణ ఒడ్డు ఉక్కకి కాగితం పొర తేమ పీల్చుకుంటుంది, పైనున్న మెరుపు పొర పీల్చుకోదు, కార్డు విల్లులా వంగుతుంది. వంగిన కార్డు స్లీవ్‌లోంచి కూడా గుర్తుపట్టేలా ఉంటే ఆటలో అది గుర్తుపెట్టిన కార్డు కిందే లెక్క. రెండు స్లీవ్‌లు వేసి, పెట్టెలో సిలికా జెల్ పొట్లం ఒకటి పడెయ్.

కృష్ణలంక_కార్డులు · 11:20

ధన్యవాదాలు అక్కా, అన్నలూ. చివరగా మూడు మిగిలాయి: రియాలిటీ స్మాషర్, డిస్మెంబర్, పాన్ ఆఫ్ ఊలమోగ్.

మంగళగిరి_మనా · 11:26

స్మాషర్ ఎల్డ్రాజీ, 5/5, ఖరీదులో వజ్రముంది, కోజిలెక్ డెక్‌లోకి నేరుగా వెళ్తుంది. డిస్మెంబర్ న్యూ ఫైరెక్సియాది, నలుపు, అట్రాక్సాలోకి. పాన్ ఆఫ్ ఊలమోగ్ పేరు చూసి మోసపోకు, టైప్ వాంపైర్ షామన్. ఊలమోగ్ సేవకుడు, ఎల్డ్రాజీ కాదు. కథకి సరిపోతాడు కానీ నలుపు గుర్తుంది, కోజిలెక్‌తో కుదరడు. ఊలాలెక్‌కి మారితే పెట్టుకో.

కృష్ణలంక_కార్డులు · 11:31

ఊలాలెక్‌కే మారుతున్నాను. వేస్ట్స్ 9 పెట్టి, మిగతావి రంగు భూములు వేస్తాను.

అరండల్‌పేట_అక్క · 11:40

ఎల్డ్రాజీ టెంపుల్ మరచిపోకు. రంగులేని ఎల్డ్రాజీలకి ఒకే భూమి రెండు మనా ఇస్తుంది. ఊలాలెక్ ఖరీదులో గుర్తులన్నీ సగం రంగు, సగం వజ్రం, పైగా డెవాయిడ్, కాబట్టి ఆ రెండు మనా అతనికీ చెల్లుతాయి.